ఉచితంగా పన్ను దాఖలు చేసుకునే వీలు చట్టంలోనే ఉండాలి: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది పన్ను సీజన్ మొదలయ్యేసరికి డైరెక్ట్ ఫైల్ లేదు. ప్రభుత్వమే నడిపే వెబ్‌సైట్‌లో, ఒక్క సెంటు కట్టకుండా, మధ్యలో ఏ కంపెనీ లేకుండా మన ఫెడరల్ రిటర్ను నేరుగా పన్ను శాఖ అయిన ఐఆర్ఎస్‌కే పంపుకునే వీలు రెండు సీజన్ల పాటు ఉండేది. 2026లో ఉండదని 2025 నవంబర్‌లో రాష్ట్రాలకు ఈమెయిల్ పంపి ఆపేశారు. మన సంఘాల నుంచి దీని మీద ఒక్క మాట కూడా నా చెవిన పడలేదు. ఆ మాట మీరు మాట్లాడాలి. డైరెక్ట్ ఫైల్‌ని మళ్లీ తెచ్చి, ఈసారి చట్టంలోనే రాసిపెట్టే బిల్లుకు మన సమాజం మద్దతు ఉందని బాహాటంగా చెప్పాలి. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. న్యూజెర్సీలో ఉంటాను. పన్ను సీజన్‌లో శనివారాలు మా లైబ్రరీలో ఉచితంగా రిటర్నులు నింపిపెట్టే వీటా వాలంటీర్లలో నేనూ ఒకదాన్ని. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం, ఇంగ్లిష్‌తో ఇబ్బంది పడేవాళ్ల కోసం, పెద్దవాళ్ల కోసం ఐఆర్ఎస్ మాకు పరీక్ష పెట్టి మరీ కూర్చోబెట్టే కార్యక్రమం అది. అమెరికాలో తెలుగువాళ్లంటే అందరూ సాఫ్ట్‌వేరే, అందరికీ సీపీఏలు (లైసెన్సున్న అకౌంటెంట్లు) ఉంటారు అనుకునేవాళ్లు ఒక్క శనివారం మా టేబుల్ దగ్గర కూర్చుంటే చాలు. డే కేర్‌లో అసిస్టెంటుగా చేసే ఆవిడ వస్తుంది. గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్టు చేసే ఆయన వస్తాడు. గ్రీన్‌కార్డు మీద కొడుకు దగ్గరికి వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక గ్రోసరీ స్టోర్‌లో చేరిన అరవై దాటిన పెద్దాయన వస్తారు. వీళ్ల రిటర్నులు కష్టమైనవేం కావు. జీతం, బ్యాంకు వడ్డీ, ఇన్సూరెన్స్ కాగితం, అంతే.

ఆ డే కేర్ ఆవిడ సంగతే చెప్తాను. మా దగ్గరికి రాకముందు ఇంట్లోనే, ఫ్రీ అని పెద్దక్షరాల్లో రాసి ఉన్న ఒక సాఫ్ట్‌వేర్‌లో మొదలుపెట్టింది. యజమాని ఇచ్చే జీతం ఫారం డబ్ల్యూ-2లో ఉన్న బాక్సులన్నీ వేలు పెట్టి చూసుకుంటూ ఒక్కొక్కటే కొట్టింది. ఉద్యోగంలో హెల్త్ ఇన్సూరెన్స్ లేదు కాబట్టి రాష్ట్రం నడిపే మార్కెట్‌ప్లేస్‌లో తీసుకుంది. దానికి 1095-ఏ అనే ఫారం వస్తుంది, నెలనెలా ప్రీమియం ఎంత, ప్రభుత్వం భరించింది ఎంత అని పన్నెండు వరుసలు. ఆ ఫారం పేరు నొక్కగానే, ఇది ఉచిత ప్లాన్‌లో రాదు, పై ప్లాన్‌కి మారండి అంది తెర. చేసినదంతా వదులుకోలేక మారింది. న్యూజెర్సీ రిటర్నుకి మళ్లీ వేరే రేటు. ఫీజు ఇప్పుడే కట్టక్కర్లేదు, రిఫండ్‌లోంచి పట్టుకుంటాం అని చివర్లో ఒక వెసులుబాటు చూపించారు, ఆ పట్టుకోవడానికి ఇంకో ఫీజు. అక్కడ ఆపేసి, కాగితాలన్నీ ఒక జిప్‌లాక్ కవర్లో పెట్టుకుని మా దగ్గరికి వచ్చింది. “అక్కా, నా లెక్క నేను గవర్నమెంటుకి చెప్పుకోడానికి వేరేవాళ్లకి డబ్బులెందుకు కట్టాలి?” అని అడిగింది.

ఎందుకు కట్టాల్సి వస్తోందో మీకూ తెలియాలి. ఎలక్ట్రానిక్‌గా వచ్చే రిటర్నులు 2007కల్లా 80 శాతానికి చేరాలని 1998లో కాంగ్రెస్ ఒక చట్టంలో లక్ష్యం పెట్టింది. దానికోసం ఐఆర్ఎస్ 2002లో ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీల కూటమితో ఒప్పందం చేసుకుంది. తక్కువ, మధ్య ఆదాయాల వాళ్లకి కంపెనీలు ఉచితంగా సేవ ఇవ్వాలి, బదులుగా ఐఆర్ఎస్ సొంత వెబ్‌సైట్ కట్టకూడదు. ఫ్రీ ఫైల్ అంటే అదే. సొంతది కట్టకూడదన్న ఆ షరతు 2019 చివరిదాకా తీయలేదు. పైగా అదే ఏడాది ఆ ఒప్పందాన్ని ఏకంగా చట్టంలోకి ఎక్కించే వాక్యాలు ఒక బిల్లులో చేరాయి. పత్రికల్లో గొడవ అయ్యాక వాటిని తీసేసి మిగతా బిల్లు పాస్ చేశారు.

ఆ ఒప్పందం వల్ల జనానికి దక్కిందెంత? ట్రెజరీ శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ 2020లో లెక్క తీశారు. ఫ్రీ ఫైల్‌కి అర్హత ఉన్నవాళ్లు 10.4 కోట్ల మంది, వాడుకున్నది 25 లక్షల మంది. అర్హత ఉండి కూడా డబ్బు కట్టి ఉంటారని తేలినవాళ్లు 1.4 కోట్ల మందికి పైనే. ‘ఫ్రీ’ ప్రకటనల విషయంలో 2022లో 50 రాష్ట్రాలూ కలిసి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేత 14.1 కోట్ల డాలర్లు కట్టించి, సుమారు 44 లక్షల మందికి పంచాయి. ఇరవై ఏళ్లు ఇలా నడిచాక కూడా స్వచ్ఛందంగా కంపెనీలే చూసుకుంటాయి అనే మాటని నేను నమ్మలేను.

డైరెక్ట్ ఫైల్ దీనికి భిన్నంగా నడిచింది. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్‌లో దీని అధ్యయనానికి కోటిన్నర డాలర్లు ఇచ్చారు. 2024లో 12 రాష్ట్రాల్లో ప్రయోగం మొదలై, 1,40,803 రిటర్నులు ఆమోదం పొందాయి. సర్వేలో జవాబిచ్చినవాళ్లలో 90 శాతం మంది బాగుందనో, చాలా బాగుందనో చెప్పారు. మరుసటి ఏడాది 25 రాష్ట్రాలకి పెరిగింది. అందులో మా న్యూజెర్సీ, మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్, కాలిఫోర్నియా, నార్త్ కరోలినా, ఇలినాయ్ ఉన్నాయి. జార్జియా, వర్జీనియా, మిషిగన్ లేవు. డే కేర్ ఆవిడని ఆపేసిన ఆ 1095-ఏ ఫారం కూడా 2025లో డైరెక్ట్ ఫైల్‌లోకి వచ్చింది, ఫీజు లేకుండా. ఐఆర్ఎస్ దగ్గర అప్పటికే ఉన్న జీతం వివరాలు కొన్ని వాటంతటవే వచ్చి కూర్చునేవి, మనం సరిచూసుకుంటే సరిపోయేది. సందేహం వస్తే ఐఆర్ఎస్ ఉద్యోగితో అక్కడే చాట్ చేసే వీలుండేది.

ఇంత పనిచేసినదాన్ని ఒక ఈమెయిల్‌తో ఎలా ఆపగలిగారు? దాన్ని నడపాలని ఐఆర్ఎస్‌ని బలవంతపెట్టే చట్టం లేదు కాబట్టి. శాఖ నిర్ణయంతో పుట్టింది, శాఖ నిర్ణయంతోనే పోయింది. 2024 మేలో, ఇక ఇది శాశ్వతం అని ప్రకటించారు కూడా. ఆ ప్రకటన ఏడాదిన్నర నిలబడింది. 2025 జూలైలో వచ్చిన పెద్ద పన్నుల చట్టంలో మళ్లీ కోటిన్నర డాలర్లు కేటాయించారు, ఈసారి డైరెక్ట్ ఫైల్ స్థానంలో కంపెనీలతో భాగస్వామ్యం ఎలా పెట్టాలో చూడమని. తిరిగి తిరిగి 2002కే వస్తున్నాం. అందుకే నేను వెబ్‌సైట్ తెరవమని అడగడంతో ఆగడం లేదు, చట్టం అడుగుతున్నాను. కాంగ్రెస్‌కి ఇది కొత్త సంగతి కాదు. సెనెటర్ ఎలిజబెత్ వారెన్ 2016లోనే ట్యాక్స్ ఫైలింగ్ సింప్లిఫికేషన్ యాక్ట్ అనే బిల్లు పెట్టారు, తర్వాత కూడా పెట్టారు. ఒక్కసారీ గట్టెక్కలేదు. కంపెనీల లాబీయిస్టులు ప్రతి ఏడాదీ కాంగ్రెస్ ఆఫీసుల్లో ఉంటారు. మనలాంటివాళ్లు ఉండరు.

ఇక మనవాళ్లకే ప్రత్యేకమైన సంగతి. జనవరి వచ్చిందంటే మన ఫోన్లు మోగుతాయి. “సార్, ఫ్రీగా ట్యాక్స్ ఎస్టిమేషన్ ఇస్తాం, డబ్ల్యూ-2 వాట్సాప్ చేయండి” అని. అటునుంచి మాట్లాడేది చాలాసార్లు హైదరాబాద్‌లోని ఏదో ఆఫీసు. నిజాయితీగా, చక్కగా చేసేవాళ్లు వాళ్లలో ఉన్నారు, నాకు తెలుసు. కానీ వేరేవాళ్లు చెప్పిన రిఫండ్ కంటే మేం రెండు వేలు ఎక్కువ తెప్పిస్తాం అనేవాళ్లూ ఉన్నారు. ఆ రెండు వేలు ఎక్కడినుంచి వస్తాయి? రసీదు లేని విరాళాల నుంచి, జాబ్ ఎక్స్‌పెన్సెస్ నుంచి. జీతగాళ్లు ఉద్యోగానికి పెట్టుకున్న ఖర్చుల మినహాయింపుని ఫెడరల్ పన్నులో 2018 నుంచే తీసేశారు, 2025 చట్టం దాన్ని శాశ్వతం చేసింది. అయినా ఏదో ఒక వరుసలో అవి దూరుతూనే ఉంటాయి. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసేవాళ్లు ఐఆర్ఎస్ తమకిచ్చిన పీటిన్ నంబరు వేసి సంతకం చేయాలి. చేయకుండా, మీరే సొంతంగా చేసుకున్నట్టు పంపించేవాళ్లని ఐఆర్ఎస్ ఘోస్ట్ ప్రిపేరర్లు అంటుంది. రెండేళ్లకి నోటీసు వచ్చేసరికి ఆ ఫోన్ నంబరు పనిచేయదు. పన్ను, వడ్డీ, పెనాల్టీ అన్నీ సంతకం పెట్టిన మనవే. సిటిజన్‌షిప్ ఫారంలో పన్నుల మీద ప్రశ్నలు ఉంటాయి, గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తున్నవాళ్ల టెన్షన్ ఇంకో రకం.

మన సోషల్ సెక్యూరిటీ నంబరుతో సహా ఆ కాగితాలు దేశం దాటి పంపాలంటే ప్రిపేరర్లు ముందుగా మన రాతపూర్వక అనుమతి తీసుకోవాలని చట్టం ఉంది. ఆ అనుమతి కాగితం చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీ సభ్యులనే అడిగి చూడండి. మనవాళ్లు తెలివితక్కువై ఇలాంటి ఫోన్లకి లొంగడం లేదు. కొత్త దేశం, ఇంగ్లిష్‌లో చట్టం భాష, తప్పు చేస్తే వీసాకి ఏమవుతుందోనన్న భయం. అలాంటప్పుడు తెలుగులో మాట్లాడే గొంతు వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ప్రభుత్వమే ఉచితంగా, అర్థమయ్యే మాటల్లో ప్రశ్నలు అడిగి నింపిపెట్టే చోటు ఒకటి ఉంటే, ఆ భయంలో సగం అక్కడే తీరుతుంది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ట్యాక్స్ సర్వీసులవాళ్లు మన సభల్లో స్టాళ్లు పెడతారు, సావనీర్లలో ప్రకటనలిస్తారు, స్టేజీ వెనక బ్యానర్ల మీద ఉంటారు. ఆ డబ్బుతో మంచి కార్యక్రమాలు జరుగుతున్నాయి, కాదనను. కానీ స్పాన్సర్లకి ఇబ్బంది అవుతుందని ఈ విషయం మీద నోరు మెదపకపోతే, సభ్యత్వ రుసుము కట్టిన డే కేర్ ఆవిడకి అన్యాయం చేసినట్టే.

ఇండియాలో మన తల్లిదండ్రులు ఏం చేస్తున్నారో చూడండి. గుంటూరులో రిటైరైన టీచరు ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోకి వెళ్తే పెన్షన్, బ్యాంకు వడ్డీ, కోసిన టీడీఎస్ చాలావరకు ముందే నింపి ఉంటాయి. 2021 నవంబర్ నుంచి వార్షిక సమాచార పట్టికలో డివిడెండ్లు, షేర్ల లావాదేవీలు కూడా కనిపిస్తున్నాయి. సరిచూసుకుని ఆధార్ ఓటీపీ కొడితే అయిపోతుంది, ఫీజు లేదు. అక్కడంతా సవ్యంగా ఉందని అనడం లేదు. 2021 జూన్‌లో కొత్త పోర్టల్ తెరిచినప్పుడు నెలల తరబడి జనం అవస్థపడ్డారు, ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ దాన్ని తయారుచేసిన కంపెనీ సీఈఓని పిలిపించి సంజాయిషీ అడిగారు. ఇప్పటికీ ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లేవాళ్లు చాలామందే. అయినా లోపాలున్నాయని పోర్టల్‌ని మూసేయలేదు, బాగుచేశారు. 2024లో జూలై 31 నాటికి 7.28 కోట్ల రిటర్నులు అందులో పడ్డాయి. గుంటూరులో తల్లికి దొరికే సౌకర్యం న్యూజెర్సీలో కూతురికి లేకపోవడానికి సాంకేతిక కారణం ఒక్కటీ లేదు. మన డబ్ల్యూ-2 కాపీ ప్రభుత్వానికి చేర్చడానికి యజమానులకి గడువు జనవరి 31. ప్రభుత్వం దగ్గర ఉన్నదాన్నే మనం డబ్బు కట్టి మళ్లీ టైపు చేస్తున్నాం.

అలాగని డైరెక్ట్ ఫైల్‌ని ఉన్నదున్నట్టు తెచ్చినా మనకి సరిపోదు. మనవాళ్లకి దాని అవసరం పడేచోటే అది చేతులెత్తేసింది. ఇండియాలో ప్రవాసులు పెట్టుకునే ఎన్‌ఆర్‌ఈ బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లని తీసుకోండి. అక్కడ ఆ వడ్డీకి పన్ను లేదు, కాబట్టి ఇక్కడ కూడా చూపించక్కర్లేదు అనుకుంటారు. చూపించాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక కూడా దాఖలు చేయాలి. విదేశీ ఖాతాలున్నవాళ్లని డైరెక్ట్ ఫైల్ వెనక్కి పంపేది. విచిత్రమేమిటంటే ఆ ఎఫ్‌బార్‌ని ఇప్పటికే ట్రెజరీలోని ఫిన్‌సెన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా, నేరుగా దాఖలు చేసుకుంటున్నారు. అంత సున్నితమైన ఫారానికి ప్రభుత్వ వెబ్‌సైట్ పనికొచ్చినప్పుడు, జీతం మీద పన్నుకి ఎందుకు పనికిరాదు?

విద్యార్థుల సంగతి ఇంకా దారుణం. 2023-24లో ఇక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అన్ని దేశాల్లోకీ మనమే ఎక్కువ. ఎఫ్-1 మీద వచ్చినవాళ్లు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు నాన్‌రెసిడెంట్ల కింద లెక్క. ఆదాయం ఉంటే నాన్‌రెసిడెంట్ల రిటర్ను 1040-ఎన్ఆర్ వేయాలి, ఆదాయం లేకపోయినా 8843 ఫారం పంపాలి. భారత-అమెరికా పన్ను ఒప్పందంలోని 21(2) అధికరణం వల్ల మన పిల్లలకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, చాలా దేశాల విద్యార్థులకి ఆ వీలు లేదు. ఈ సంగతి తెలియక వదులుకునేవాళ్లు కొందరు. రూమ్మేట్ చెప్పాడని రెసిడెంట్ల సాఫ్ట్‌వేర్‌లో మామూలు రిటర్ను 1040 వేసి, హక్కు లేని ఎడ్యుకేషన్ క్రెడిట్ తీసుకుని, తర్వాత సవరణ రిటర్నుల చుట్టూ తిరిగేవాళ్లు ఇంకొందరు. డైరెక్ట్ ఫైల్‌లో 1040-ఎన్ఆర్ లేనే లేదు. కొత్త చట్టంలో ఈ రెండు వర్గాల పేర్లూ ఉండాలి, ఫలానా గడువులోగా చేర్చాలని ఉండాలి. సొంత వెబ్‌సైట్ కట్టబోమని ఐఆర్ఎస్ ఇంకెప్పుడూ ఏ కంపెనీతోనూ రాసుకోకుండా నిషేధం ఉండాలి. ఖర్చుకి విడిగా కేటాయింపు ఉండాలి. భాష సంగతి కూడా అడగండి. డైరెక్ట్ ఫైల్ ఇంగ్లిష్, స్పానిష్‌లలోనే ఉండేది. ఐఆర్ఎస్ ఉత్తరాలు ఏ భాషలో కావాలో ఎంచుకునే షెడ్యూల్ ఎల్‌ఈపీలో గుజరాతీ, పంజాబీ, బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. అడిగినవాళ్లు లేరు కాబట్టి లేదని నా నమ్మకం.

ఖర్చు ఎక్కువ, వాడినవాళ్లు తక్కువ అన్నది దాన్ని ఆపినవాళ్ల వాదన. 2025లో 2,96,531 రిటర్నులే వచ్చాయి, నిజమే. సగం రాష్ట్రాల్లోనే ఉండి, కొన్ని రకాల ఆదాయాలకే పనికొచ్చి, దాని భవిష్యత్తు మీద అనుమానాలు ఉండి కూడా అది మొదటి ఏడాదికి రెట్టింపు. ఇలాంటివాటిలో ఖర్చంతా మొదట కట్టడానికే అవుతుంది. ఆ ప్రోగ్రాం కోడ్ చాలావరకు 2025లో గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి పెట్టారు, మళ్లీ మొదటినుంచి రాయక్కర్లేదు.

పన్ను వసూలు చేసే శాఖే లెక్క కూడా వేస్తే మనకి నష్టం కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అంకెలు వేసేదీ, సంతకం పెట్టేదీ మనమే. సీపీఏ దగ్గరికి వెళ్లాలనుకున్నవాళ్లని ఎవరూ ఆపరు. ఆర్ఎస్‌యూలు (కంపెనీ జీతంతో పాటు ఇచ్చే షేర్లు), అద్దె ఇళ్లు, ఇండియాలో మ్యూచువల్ ఫండ్లు ఉన్నవాళ్లు వెళ్లాలి కూడా. 2025లో ఐఆర్ఎస్ ఇమిగ్రేషన్ శాఖతో సమాచార ఒప్పందం చేసుకున్నాక మన వివరాలు ఐఆర్ఎస్‌కి ఇవ్వడమే భయమనే మాట ఇంకొకటి విన్నాను. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా రిటర్ను చేరేది ఐఆర్ఎస్‌కే. మధ్యలో కంపెనీ ఉంటే మన వివరాలు ఇంకో చోట కూడా నిలవ ఉంటాయి, తేడా అంతే.

మీరు చేయగలిగింది చాలా ఉంది. మీలో ఎక్కువ సంఘాలు లాభాపేక్ష లేని సంస్థలుగా 501(సి)(3) కింద నమోదైనవి. అభ్యర్థులకి ఓటేయమని చెప్పకూడదు గానీ, బిల్లుల మీద అభిప్రాయం చెప్పడానికి పరిమితులకి లోబడి మీకు పూర్తి హక్కు ఉంది. కార్యవర్గంలో తీర్మానం చేయండి. పన్నుల బిల్లులు హౌస్ వేస్ అండ్ మీన్స్ కమిటీలో, సెనెట్ ఫైనాన్స్ కమిటీలో నలుగుతాయి. ఆ కమిటీల్లో మీ రాష్ట్రాలవాళ్లు ఎవరున్నారో చూసి తీర్మానం పంపండి, ఆఫీసుకి ఫోన్ చేసి సిబ్బందితో సమావేశం అడగండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఓటు లేకపోయినా పన్ను కడుతున్నారు, వాళ్లూ ఉత్తరం రాయొచ్చు. ఈ నవంబర్‌లో మధ్యంతర ఎన్నికలు. మీ సభలకి వచ్చి దీపం వెలిగించి, నమస్తే చెప్పి, ఫోటో దిగి వెళ్లే ప్రతి కాంగ్రెస్ సభ్యుడినీ, సభ్యురాలినీ ఒక్క ప్రశ్న అడగండి: ప్రభుత్వం నడిపే ఉచిత దాఖలుని చట్టం చేసే బిల్లుకి మీరు ఓటేస్తారా, లేదా? వాళ్లు చెప్పిన జవాబుని మీ పత్రికలో వేయండి.

తీర్మానం ముసాయిదా తెలుగులో, ఇంగ్లిష్‌లో నేను రాసిస్తాను. విద్యార్థుల రిటర్నులు, విదేశీ ఖాతాల భాగం రాయడానికి మా వీటా బృందంలో అనుభవమున్న ఇద్దరు ముగ్గురు సాయపడతామన్నారు. వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో దీన్ని పెట్టి, ఏం నిర్ణయించారో, ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో సభ్యులందరికీ తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక వీటా వాలంటీర్